క్లచ్చు మీద కాలన్నవాడు

అక్కుపల్లిలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి సన్యాసయ్య. ఇందులో ఎవరికీ సందేహం అక్కర్లేదు. తాతా తండ్రీ సముద్రం మీదే బతికారు, అన్నదమ్ములు వల వదల్లేదు. ఆయన ఒక్కడే ఇసక దాటి తారురోడ్డెక్కాడు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివి, కాశీబుగ్గ లారీల వెంట క్లీనరుగా తిరిగి, పెద్ద బండ్లు నడిపే లైసెన్సు తెచ్చుకుని, ఆ లైసెన్సుని ఇంటింటికీ తిప్పి చూపించాడు. చూపించడంలో తప్పేముంది? అప్పటికి ఊళ్ళో సైకిలు తొక్కేవాళ్ళే లెక్కకు కొందరు.

తొంభై తొమ్మిది తుఫానుకి కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడిపోతే, తోటల్లోంచి దారి చేసుకుని, నెలలు నిండిన మనిషిని పలాస ఆసుపత్రికి చేర్చింది ఎవరు? సన్యాసయ్య. మందస దగ్గర దిగుడులో బ్రేకులు పోయిన జీపుని గేర్లతోనే నెమ్మదిపరిచి, లోపలి పెళ్ళివాళ్ళకి సంగతి తెలియకుండానే పక్కకు ఆపింది ఎవరు? ఆయనే. కోటబొమ్మాళి సంతలో, మేకలూ మనుషులూ కలిసి నడిచే దారిలో, బండికి గీత పడకుండా ఎన్నేళ్ళు తిప్పాడు! ఇవన్నీ ఈ తీరపు తోటల ఉద్దానంలో అందరికీ తెలిసినవే.

అలాంటి మనిషిని పట్టుకుని కాశీబుగ్గ బండ్ల మేస్త్రి ఢిల్లీశ్వరరావు, "క్లచ్చు మీద కాలు తియ్యడీయన. ఇంజనుని నమిలీసినాడు" అన్నాడు. యజమాని వింటుండగా అన్నాడు. టీకొట్టు దగ్గర కూర్చున్న డ్రైవర్లందరూ వింటుండగా అన్నాడు.

ఆ మాటకి సన్యాసయ్య ఏం చేశాడో చెప్పాలంటే ముందు ఆ బండి సంగతి చెప్పాలి.

కాశీబుగ్గలో మల్లేశ్వరరావుకి జీడి ఫ్యాక్టరీ ఉంది. ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు కొని, కాల్పించి, కొట్టించి, పప్పు పై ఊళ్ళకు పంపేవాడు. తొంభై ఏడులో ఆయన ఒక పెద్ద డీజిలు బండి కొన్నాడు. ఎత్తు చక్రాలు, వెనక ఎదురెదురు సీట్లు, మీద సామాను కట్టుకునే చట్రం. ఇసకదారుల్లో, తోటల గట్ల మీద తిరగడానికి అలాంటిదే కావాలి. షోరూము నుంచి దాన్ని ఊళ్ళోకి తెచ్చినది మొదలు దాని మీద వేరే చెయ్యి పడలేదు. మల్లేశ్వరరావు కొడుకులు అడిగినా సన్యాసయ్య తాళం ఇచ్చేవాడు కాదు. "బావూ, మీ పెళ్ళిల్లకి తోల్తాను, మీ పిల్లల పెళ్ళిల్లకి తోల్తాను. తాళం మాత్రం అడక్కండి" అనేవాడు.

సముద్రం దగ్గర బండికి పెద్ద శత్రువు గాలి. ఉప్పు గాలికి రెండు వానాకాలాలు తిరిగేసరికి అడుగు రేకు పొట్టులా రాలిపోతుంది. వజ్రపుకొత్తూరు వైపు తిరిగే జీపుల్లో కాలు పెట్టుకునే చోట చిల్లులు పడి, కిందనుంచి రోడ్డు కనిపించేది. సన్యాసయ్య దానికి విరుగుడు కనిపెట్టాడు. కనిపెట్టడమంటే ఊళ్ళో ఉన్నదే. వేసవిలో వేట ఆపిన రోజుల్లో అక్కుపల్లి వాళ్ళు చెక్కనావల్ని ఇసకలో బోర్లించి, వాటికి జీడితొక్క నూనె పూస్తారు. పిక్కలు కాల్చినప్పుడు తొక్కలోంచి కారే నల్లటి నూనె అది. ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. కానీ పూసిన చెక్కని పురుగు ముట్టదు, ఉప్పు ముట్టదు. నావకి పనికొచ్చింది బండికెందుకు పనికిరాదని, ఫ్యాక్టరీలో డ్రమ్ముల కొద్దీ ఉన్న ఆ నూనెని కర్రకి గుడ్డ చుట్టి బండి అడుగంతా పూశాడు.

అది పనిచేసింది. మిగతా బండ్ల అడుగులు ఊడిపోతుంటే ఈ బండి అడుగు గట్టిగా నిలబడింది. మల్లేశ్వరరావు పక్క ఫ్యాక్టరీల వాళ్ళని పిలిచి, కింద కూర్చోబెట్టి చూపించాడు. "మా సన్యాసయ్య తెలివి ఇది" అన్నాడు. మొదటి ఏడు పైపైన పూసినవాడు, ఆ మెప్పు తర్వాత ప్రతి వేసవికీ మూలమూలకూ, సందుసందుకూ, ఇంజను కిందా పక్కా, గుడ్డ పిండి మరీ పూసేవాడు. చేతుల మీద బొబ్బలు లేచినా లెక్కచేసేవాడు కాదు.

కొన్నేళ్ళకి గడగడ మొదలైంది.

బండి నిలబడి ఉండగా ఇంజను తిరుగుతుంటే ముందు భాగమంతా గడగడలాడేది. డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుండేది. పరుగందుకుంటే తగ్గేది. తాళం తిప్పి ఆపితే ఒక్క కుదుపు కుదిపి, లోపల ఏదో ఇనుముకి ఇనుము తగిలినట్టు ఠంగుమనేది. దాంతోపాటు చిన్న చిన్న పేచీలు. సైలెన్సరు గొట్టం ఒకేచోట పగిలేది, అతికిస్తే మళ్ళీ అక్కడే పగిలేది. రేడియేటరు ఫ్యాను తన చుట్టూ ఉన్న రేకుకి రాసుకునేది. ఎత్తెక్కేటప్పుడు గేరు తనంతట తానే జారిపోయేది.

సన్యాసయ్య చూడని చోటు లేదు. సైలెన్సరు పట్టీలు బిగించాడు. బ్యాటరీ కూర్చున్న బల్ల బిగించాడు. బంపరు పట్టుకుని ఊపాడు. బోనెట్టు ఎత్తి, ఒక చివర చెవికి ఆనించి ఇంకో చివర ఇంజనుకి తగిలేలా పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టి, ఏ మూల చప్పుడొస్తోందో విన్నాడు. లోపల ఇంజను సవ్యంగానే పలుకుతోంది. మరి గడగడ ఎక్కడిది? నూనె కారి తడిగా ఉన్న ఇంజను అడుగుభాగం ఆయన కళ్ళకి ఎప్పుడూ నల్లగానే కనిపించింది. ఆ నలుపు తన చేతిదే కాబట్టి దాని మీద అనుమానం రాలేదు.

చేసేదిలేక బండిని ఢిల్లీశ్వరరావు షెడ్డుకి తీసుకెళ్ళాడు. కాశీబుగ్గలో పేరున్న మేస్త్రి, మనిషి మాటకారి. ముందు ఇంజను తలభాగం విప్పాడు. తగ్గలేదు. డీజిలు చిమ్మే నాజిళ్ళు మార్చాడు. తగ్గలేదు. చివరకి ఇంజను దింపి, రింగులూ బేరింగులూ మార్చానన్నాడు. తగ్గింది. మల్లేశ్వరరావు సంతోషించాడు. వేసవి వెళ్ళి, వానలు పడి, తోటల పని ముగిసేసరికి మళ్ళీ గడగడ. మళ్ళీ ఇంజను దింపాడు. మళ్ళీ తగ్గింది. మరుసటి ఏడు మళ్ళీ.

మూడోసారి బండి షెడ్డుకి వచ్చినప్పుడు మల్లేశ్వరరావు కోపంగా తానే వచ్చాడు. షెడ్డుకి ఎదురుగా టీకొట్టు. పలాస స్టేషను ముందు తిరిగే జీపులూ ఆటోలూ అక్కడే ఆగుతాయి. బల్లల మీద ఖాళీ లేదు.

"ఏటి మేస్త్రీ, మందేసినట్టు ఏటేటా ఇంజను ఇప్పుతున్నావు. రోగమేటో సెప్పవా?" అన్నాడు యజమాని.

ఢిల్లీశ్వరరావు చేతులు గుడ్డకి తుడుచుకుని, అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "రోగం ఇంజనుది కాదు బావూ. నాను కొత్తగా సేసి ఇత్తాను, ఈ మావ తొక్కి తొక్కి పాడుసేత్తాడు. క్లచ్చు మీద కాలు తియ్యడీయన. ఇంజనుని నమిలీసినాడు. తెడ్డేసే మనిషికి క్లచ్చు ఎలా తెలుత్తాది?"

బల్లల మీద నవ్వు లేచింది. సన్యాసయ్య నోరు తెరిచేలోపు మేస్త్రి ఇంకో మాట కూడా అనేశాడు. "మా బామ్మర్ది లోకనాథు ఉన్నాడు బావూ. లారీలు తోలిన సెయ్యి. ఓపాలి ఆడికిచ్చి సూడండి."

మల్లేశ్వరరావు చెయ్యి చాచి, "తాళం ఇయ్యి సన్నాసి. వయసయ్యింది కదా, ఇంటికాడ ఉండు" అన్నాడు. తాళం చేతులు మారింది. లోకనాథు ఆ బల్లల దగ్గరే టీ తాగుతున్నాడు. అంటే ముందే రప్పించి కూర్చోబెట్టారన్నమాట.

సన్యాసయ్య బస్సెక్కలేదు. కాశీబుగ్గ దాటి చాలా దూరం నడిచి, ఎవరో ఎరిగినవాళ్ళు ఆటోలో ఎక్కించుకుంటే ఇల్లు చేరాడు. భార్య వరహాలమ్మ చేపలు ఎండబెడుతోంది.

"ఏటయ్యింది? మొహం అలాగుందేటి?"

"తాళం తీసుకున్నారు."

"పోతే పోనీ. ముసిలోడివి అయిపోనావు. తమ్ముడి కొడుకు యువరాజు నావకాడ కూసో, వలలు సూసుకో."

"ఎవుడు ముసిలోడు? ఆ ఢిల్లీగాడి నోటితోటే అనిపిత్తాను. కాలు కాదు, సన్నాసయ్య కాలు కాదు అని ఆడి నోటితోటే, ఆ బల్లలకాడే, ఆ జనం ముందరే అనిపిత్తాను. అనిపించకపోతే మా అమ్మ నన్ను కన్నట్టు కాదు."

"అనిపించుకుని ఏటి సేత్తావు? కూరొండుకుంటావా?"

"వొండుకుంటాను. నీకు పెట్టను" అన్నాడు.

అప్పటినుంచి ఆయనకి అదే ధ్యాస. గొడవ పెట్టుకుని తిట్టిరావడం ఆయనకి చేతకాక కాదు. కానీ తిట్టు తిట్టుగానే మిగిలిపోతుంది. చప్పుడు మూలం పట్టుకోవాలి. పట్టుకుని ఆ మొహం మీద పెట్టాలి. వలలు అల్లుతూ, సూది ఆపి, నోటితో గడగడమని ఆ చప్పుడు చేసుకునేవాడు. నిలబడితే ఎక్కువ, పరిగెడితే తక్కువ, ఆపితే కుదుపు. సైలెన్సరు ఒకేచోట పగలడం. ఫ్యాను రేకుకి తగలడం. ఇవన్నీ వేరువేరు జబ్బులా, ఒకటేనా? వరహాలమ్మ పక్కనున్నవాళ్ళతో, "మా ఇంట్లో మనిషి లేడు, బండుంది" అనేది.

ఏడు తిరిగింది. ఒకరోజు వజ్రపుకొత్తూరులో పని చూసుకుని రోడ్డు పక్కన నిలబడ్డాడు. మల్లేశ్వరరావు బండి వచ్చి కూడలిలో ఆగింది. స్టీరింగు ముందు లోకనాథు. ఇంజను తిరుగుతోంది. గడగడ, గడగడ!

ఆయన జీవితంలో అంత కమ్మటి చప్పుడు మరొకటి వినలేదు. దగ్గరికి వెళ్ళి కిటికీ మీద మోచెయ్యి ఆనించాడు.

"ఏటి అల్లుడూ, నీ కాలు కూడా క్లచ్చు మీదేనేటి?"

లోకనాథు మొహం తిప్పుకున్నాడు. "నీ పాపమే మావా ఇది. నువ్వు నమిలీసిన ఇంజను నానేటి సేత్తాను? మా బావ అదే సెప్పినాడు బావుగారికి."

అప్పుడర్థమైంది సన్యాసయ్యకి. చప్పుడు ఎవరి చేతిలో వచ్చినా తప్పు సన్యాసయ్యదేనన్న మాటని ఢిల్లీశ్వరరావు ఊరంతా తిప్పుతాడు. బండి ఎదురుగా ఉన్నంతకాలం తిప్పుతాడు, అమ్మేసినా తిప్పుతాడు. వెళ్ళబోతూ వంగి బండి అడుగు చూశాడు. జీడి నూనె నిగనిగలాడుతోంది.

"నూనె ఎవుడు పూసినాడు?"

"నానే. బావుగారు పూయమన్నారు. సన్నాసి సేసిన పన్లలో అదొక్కటే మంచిదన్నారు."

ఆ మాట సన్యాసయ్యకి చల్లగా తగిలింది. ఒక్కటైనా ఒప్పుకున్నారు కదా అనుకున్నాడు.

వేసవి వేట ఆపిన రోజుల్లో యువరాజు నావకి నూనె పూస్తున్నారు. సన్యాసయ్య పక్కన కూర్చుని ఎవరికి ఎక్కడ తక్కువైందో చెబుతున్నాడు. తెడ్డుని నావ అంచుకి కట్టడానికి పాత సైకిలు ట్యూబు ముక్కలు వాడతారు. ఊడదీయడం మరిచిపోయిన ముక్క ఒకటి గత ఏడాది నూనెలో తడిసి అంచుకే వేలాడుతోంది. యువరాజు దాన్ని లాగబోయి, "ఛీ" అని చెయ్యి విదిలించాడు.

"ఏట్రా?"

"రబ్బరు పాకమైపోయింది పెదనాన్నా. సేతికంటుకుని ఒగ్గడం నేదు."

"రబ్బరా?"

"జీడి నూని తగిలితే రబ్బరు ఇలాగే అవుతాది కదా. అందుకే కదా పూతకి ముందర ట్యూబులు తీసీమంటాం. నావ మీద పుట్టినోడివి, నీకు తెలీదేటి?"

సన్యాసయ్య ఆ ముక్కని వేళ్ళతో పట్టుకుని నలిపాడు. బెల్లంపాకంలా సాగింది. ఆయన కళ్ళ ముందు బండి అడుగు మెదిలింది.

బండిలో ఇంజను ఉత్తి ఇనుము మీద కూర్చోదు. కింద చట్రానికీ ఇంజనుకీ మధ్య మందపాటి రబ్బరు దిమ్మలుంటాయి. ఫౌండేషన్ రబ్బర్లంటారు వాటిని. ఇంజను ఎంత అదిరినా ఆ అదురుని అవి మింగుతాయి. ఆ రబ్బర్లు మెత్తబడితే ఇంజను కుంగి ఇనుము మీద ఇనుము కూర్చుంటుంది. నిలబడితే గడగడ. ఆపితే ఠంగుమని తగలడం. కుంగిన ఇంజనుతో పాటు ఫ్యాను కుంగి రేకుకి రాసుకుంటుంది, సైలెన్సరు గొట్టం వంగి ఒకేచోట పగులుతుంది, గేరు కడ్డీ పక్కకి లాగబడి జారుతుంది. జబ్బులన్నీ ఒకటే. ఇంజను దింపినప్పుడల్లా కొత్త రబ్బర్లు పడతాయి కాబట్టి తగ్గుతుంది. వేసవికి గుడ్డ పిండి నూనె పూస్తే మళ్ళీ కరుగుతాయి.

పూసింది ఎవరు?

ఆయన ఇంటికొచ్చి వరహాలమ్మకి చెప్పాడు. ఎవరికీ చెప్పనిది ఆమెకే చెప్పాడు.

"అయితే ఊరుకో" అంది వరహాలమ్మ. "ఆ బండిని బావుగారు పాత ఇనుం కొనేవోడికి అమ్మేత్తన్నారంట, కాశీబుగ్గకి సేపల బుట్టలు మోసుకెల్లే రత్నాలమ్మ సెప్పింది. రేపోమాపో ఎలిపోతాది. బండితో పాటు ఇది కూడా ఎలిపోతాది. నీ నూని పూత గొప్పేనని అందరూ అనుకుంటన్నారు. అలాగే ఉండనీ."

"మరి ఢిల్లీగాడు?"

"ఆడి మాట కూడా పోతాది, ఏదో ఒకనాటికి."

"పోదు. ఆడు అన్నమాట నాను పోయేదాకా పోదు, నాను పోయాక కూడా పోదు. తెడ్డేసే మనిషి, క్లచ్చు తెలీదు అన్నాడు. అది ఊరందరిమీద అన్నట్టు."

"నిజం సెప్తే నీ పరువే కదా పోతాది?"

"నాది పోతే పోనీయే. ఆడిది మాత్రం ఉండకూడదు" అన్నాడు సన్యాసయ్య.

మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని బస్సెక్కాడు.

టీకొట్టు బల్లలు నిండి ఉన్నాయి. బండి షెడ్డు ముందుంది. పాత ఇనుము కొనేవాడు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. మల్లేశ్వరరావు కుర్చీలో కూర్చున్నాడు. ఢిల్లీశ్వరరావు ఆయనకి గాలి విసురుతూ, ఈ ఇంజను ఇక ఎందుకూ పనికిరాదని చెబుతున్నాడు.

సన్యాసయ్యని చూసి నవ్వాడు. "ఏటి మావా, ఇటొచ్చినావు? బేరమా?"

"బేరం కాదు. బావూ, అమ్మే ముందర ఓపాలి నా మాట ఇనండి. బండి రోగం సూపిత్తాను. సూపించలేకపోతే ఈ బల్లల మీద అందరూ నా నెత్తిన టీ పొయ్యండి."

బల్లల మీద వాళ్ళకి సరదా పుట్టింది. "సూపించనీండి బావూ!" అని అరిచారు. మల్లేశ్వరరావు తలూపాడు.

"లోకనాథా, ఎక్కు. స్టార్ట్ సెయ్యి. బ్రేకు గట్టిగా తొక్కు. గేరెయ్యి. ఇప్పుడు క్లచ్చు కొద్దికొద్దిగా ఒగ్గు." సన్యాసయ్య బోనెట్టు ఎత్తాడు. "అందరూ వచ్చి సూడండి."

క్లచ్చు వదిలేకొద్దీ ఇంజను ఒక పక్కకి లేచింది. కట్టు తెంచుకోబోయే దూడలా లేచి, దబ్బున కూర్చుంది. మళ్ళీ లేచి మళ్ళీ కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా ఠంగు.

"ఇంజను ఎగుర్తోందిరా!" అన్నాడొక ఆటో డ్రైవరు.

గేరు తీయించి, ఇంజనుని అలాగే తిరగనిచ్చి, సన్యాసయ్య షెడ్డులోంచి జాకీ తెచ్చాడు. ఇంజను కింద చెక్క పెట్టి, దాని కింద జాకీ పెట్టి తిప్పాడు. ఇంజను కొద్దిగా పైకి లేచింది. గడగడ ఆగిపోయింది.

ఆగిపోవడమంటే పూర్తిగా. ఎదురుగా టీకొట్టులో స్టవ్వు చప్పుడు వినపడింది. ఆయన జాకీ దించాడు. గడగడ. ఎత్తాడు. నిశ్శబ్దం. మూడోసారి కూడా చేసి చూపించాడు. అవసరం లేదు, కానీ చేశాడు. ఢిల్లీశ్వరరావు మొహం చూస్తూ చేశాడు.

"రోగం ఇంజను లోపల నేదు. కింద రబ్బర్లలో ఉంది" అన్నాడు.

ఢిల్లీశ్వరరావు తేరుకున్నాడు. "రబ్బర్లేటి మావా? ఇంజను దింపినప్పుడల్లా కొత్తవే ఏసినాను. ఏటేటా కొత్తవే!"

సన్యాసయ్య ఎదురుచూస్తున్నది ఆ మాటకే. "ఏటేటా ఎందుకు ఏసినావు?"

మేస్త్రి గుడ్డ తీసి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"పాతవి సేతికి అంటుకునేలా కరిగిపోతే తీసి పారేసినావు. అవునా కాదా? కొత్త రబ్బర్లెయ్యగానే సప్పుడు పోయింది. నీకు తెలుసు. తెలిసీ బావుగారికి రింగులన్నావు, బేరింగులన్నావు. మీ బామ్మర్దికి పని కావాల గనక నా కాలన్నావు."

"కరిగిపోడానికి కారణం నాకేటి తెలుసు? అదేదో నువ్వే సెప్పు!" అన్నాడు మేస్త్రి. తప్పించుకునే దారి దొరికిందనుకున్నాడు. "నా రబ్బర్లు మంచివే. ఎందుకు కరుగుతున్నాయో సెప్పు, సూద్దాం!"

సన్యాసయ్య వంగి బండి అడుగునుంచి వేలితో నూనె మట్టిని గీకి, అందరికీ పట్టి చూపించాడు.

"జీడి నూని. నానే పూసినాను. రబ్బరుకి పడదని తెలీక పూసినాను. నా తరవాత లోకనాథు కూడా పూసినాడు. తప్పు నాదే." మల్లేశ్వరరావు వైపు తిరిగాడు. "మీరు పదిమందికీ సూపించిన పూతే బావూ బండిని తినేసింది. ఇన్నాళ్ళూ నాకూ తెలీదు, తెలిసినాక సెప్తన్నాను. సేతులతో సేసిన తప్పు ఒప్పుకున్నాను. కాళ్ళతో సెయ్యని తప్పు ఒప్పుకోను. సెప్పు మేస్త్రీ. సన్నాసయ్య కాలా, కాదా?"

ఎవరూ నవ్వలేదు. ఒకాయన బల్ల మీదనుంచి, "సెప్పు మేస్త్రీ" అన్నాడు. ఇంకొకడు, "మా బండికి కూడా నువ్వు బేరింగులన్నావు కదా, అవి కూడా రబ్బర్లేనేటి?" అన్నాడు. ఆ ప్రశ్న పక్కవాడికీ తట్టింది, ఆ పక్కవాడికీ తట్టింది. ఒక్కొక్కరే లేచి షెడ్డు లోపలికి వచ్చారు.

"కాలు కాదు" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"గట్టిగా. ఆవేళ గట్టిగానే అన్నావు."

"సన్నాసయ్య కాలు కాదు!"

సన్యాసయ్య జాకీ తీసి పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. మల్లేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఆయనకి ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. "ఇద్దరూ కలిసి నా బండిని తినేసినారు" అన్నాడు. పాత ఇనుము వాడిని పంపేశాడు. బండిని ఆ షెడ్డులోంచి అప్పుడే తీయించాడు. కొత్త రబ్బర్లు వేయించి, అడుగంతా కిరోసినుతో కడిగించి, కోటబొమ్మాళి మనిషినొకణ్ణి డ్రైవరుగా పెట్టుకున్నాడు. సన్యాసయ్యని పిలవలేదు. సన్యాసయ్య కూడా పిలుపు కోసం చూడలేదు. ఆ బండి ఆ తర్వాత ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా తిరిగింది.

ఊళ్ళో కుర్రాళ్ళు ఆయనకి జీడి డ్రైవరని పేరు పెట్టారు. వరహాలమ్మకి అది వింటే ఒళ్ళు మండేది.

"సూసినావా? సెప్పొద్దని సెప్పినాను. ఇన్నావా?"

"నన్ను జీడి డ్రైవరంటన్నారు. ఆడిని ఏటంటన్నారో తెలుసా?"

"ఏటంటన్నారు?"

"రబ్బరు మేస్త్రి" అని, తృప్తిగా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

షెడ్డు ముందు ఆగే జీపులు ఒక్కొక్కటీ తగ్గిపోయాయి. ప్రతివాడికీ తన పాత బేరింగుల మీద అనుమానమే. చివరికి ఢిల్లీశ్వరరావు కాశీబుగ్గలో అద్దె వదులుకుని, తనని ఎరుగనివాళ్ళుంటారని టెక్కలిలో హైవే పక్కన కొత్త షెడ్డు పెట్టాడు. ఆ కబురు తెచ్చింది యువరాజు.

"ఎలిపోయాడు పెదనాన్నా. ఇంక వొగ్గీ."

సన్యాసయ్య ఆలోచించాడు. పళ్ళు నొప్పిగా ఉన్నాయన్నాడు. టెక్కలిలో మంచి పళ్ళ డాక్టరున్నాడని ఎవరో చెప్పారన్నాడు. వారం తిరక్కుండా ఉతికిన పంచె కట్టుకుని టెక్కలి బస్సెక్కాడు. షెడ్డుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల చెరుకురసం బండి దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ఢిల్లీశ్వరరావు ఒక లారీ కింద పడుకుని పనిచేస్తున్నాడు. బయటికి జరిగి తల ఎత్తేసరికి ఎదురుగా ఆయన కనిపించాడు. మళ్ళీ లారీ కిందకి వెళ్ళిపోయాడు.

"ఎవరి కోసం తాతా ఎదురుసూత్తన్నావు?" అన్నాడు చెరుకురసం అతను.

"ఎదురుసూడ్డం కాదు బావూ" అన్నాడు సన్యాసయ్య, గ్లాసు అందుకుంటూ. "ఆడు లారీ కింద ఎంతసేపుంటాడో సూద్దామని."

సాయంత్రం దాకా కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు.